వెనకాల గదుల్లేని కిటికీలు

డిసెంబరు వచ్చిందంటే ఆ కొండ ఊళ్ళో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. రాళ్ళు పరిచిన కూడలిలో క్రిస్మస్ సంత నడుస్తోంది. చక్కెరపాకంలో వేగుతున్న బాదంపప్పుల వాసన, లవంగాలు వేసి కాచిన ఎర్ర వైన్ వాసన, మంచుకి తడిసిన ఉన్ని కోట్ల వాసన. ఫొటోగ్రాఫర్ గెజీనె వైన్ అంగడి పక్కన స్టాండు మీద కెమెరా బిగించి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎదురింటికేసి చూస్తోంది.

అది ఒకప్పుడు వితంతువుల సత్రం. గనుల్లో మొగుళ్ళని పోగొట్టుకున్న ఆడవాళ్ళు తరతరాలుగా అక్కడే బతికి అక్కడే పోయారు. ఇప్పుడు దాన్ని మ్యూజియంగా మార్చాడు హార్ట్‌విగ్ మెల్వెర్ట్. జర్మనీలో పాత కట్టడాలకి కొత్త ప్రాణం పోయాలంటే ఆయన తర్వాతే ఎవరైనా అని పత్రికలవాళ్ళ మాట. ఆ ప్రాణం పోసే విద్య ఏమిటో గెజీనెకి బాగా తెలుసు. పాత ఇంటి ముందు గోడ ఒక్కటి ఉంచుతాడు. వెనకున్న మెట్లూ, పొయ్యిలూ, గదులూ అన్నీ లారీలకెత్తించి పారబోయిస్తాడు. ఆ గోడ వెనక జానెడు సందు వదిలి, కాంక్రీటు డబ్బా ఒకటి లేపుతాడు. ఏ ఊరెళ్ళినా అదే పని. పైన పటారం, లోన లొటారం. ఆ జానెడు సందుకి ఆ మహానుభావుడు పెట్టుకున్న ముద్దుపేరు ‘ఊపిరి’. పాతదాన్ని కొత్తది తాకకూడదు, మధ్యన ఊపిరి ఉండాలి అని ప్రతి సభలోనూ కళ్ళు మూసుకుని చెబుతాడు. వినేవాళ్ళు తానా అంటే తందానా అంటారు.

పైకప్పు దూలాలు లేపిన రోజున ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం వడ్రంగి పైన నిలబడి, ఇంటికి దీవెన చదివి, వైన్ తాగి గ్లాసు కిందికి విసిరాడు. అది పగిలితేనే ఇంటికి మేలు. గ్లాసు పోయి గోడకీ కాంక్రీటుకీ మధ్యనున్న సందులో పడింది. కూడలిలో ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కించారు. పగిలిన చప్పుడు రాలేదు. వడ్రంగి ముఖం పాలిపోయింది. మెల్వెర్ట్ మాత్రం, “పల్లెటూరి మూఢాచారాలు!” అని అందరిముందూ పకపకా నవ్వాడు.

రేపే ప్రారంభోత్సవం. దేశంలోకెల్లా పెద్ద బహుమతికి పంపాల్సిన ఫొటో ఈ సంధ్యలోనే తీయాలి.

“మా మేనత్త అక్కడే ఉండేది,” అంది వైన్ అమ్మే ముసలి కూనెర్ట్, గరిటెతో గంగాళం కలుపుతూ. “మూడో అంతస్తులో ఆ మూల కిటికీ ఆవిడదే. క్రిస్మస్ నెలంతా ఎవరి కిటికీలో వాళ్ళు దీపం పెట్టేవాళ్ళు. చీకటి కిటికీ కనబడిందంటే మనిషి పోయినట్టే. ఇప్పుడు చూడు, ఒక్కదాంట్లోనూ దీపం లేదు.”

“దీపాలు పెడితే ఆయన గీసిన గీతలు చెడతాయటమ్మా.”

“వాడి తలరాత చెడ!” అంది కూనెర్ట్.

గెజీనె పకాలున నవ్వింది. సత్రం లోపల్నుంచి ఫోన్‌లో ఉన్న మెల్వెర్ట్ గొంతు చెవిలో బుస్సుమంది.

“అక్కడ నవ్వులేమిటి గెజీనే? లైట్లు వేస్తున్నా. ఒక్క ఫ్రేము చెడిందంటే ఊరుకోను. బొత్తం నొక్కడం తప్ప నీకున్న పనేంటి?”

“సరే మెల్వెర్ట్ గారూ.”

పుష్కరకాలంగా ఇవే మాటలు, ఇదే సరే. ఆమె తీసిన ఫొటోలు పుస్తకాలకెక్కాయి, కింద ఆయన పేరుతో. ఆ మనిషంటే ఆమెకి కోపం ఎప్పుడో పోయింది. మిగిలింది ఏవగింపు.

లోపల లైట్లు వెలిగాయి. గెజీనె కెమెరాకి కన్ను ఆనించింది. మూడో అంతస్తు మూల కిటికీ మసకగా ఉంది. అద్దానికి ఆవిరి పట్టింది.

“మూల కిటికీకి ఆవిరి పట్టిందండీ. లోపలివైపు.”

“కాంక్రీటు ఆరుతోంది. తెలియని విషయాల్లో నోరు మెదపకు.”

ఆవిరిలో గుండ్రంగా ఓ మచ్చ తేటబడింది. ఎవరో వేలితో తుడిచినట్టు. పక్క కిటికీకి కూడా ఆవిరి పట్టింది. అక్కడా గుండ్రటి మచ్చ. దాని పక్కదానికి... ఆ పైదానికి... ప్రతి మచ్చలోనూ తెల్లగా, ముడతలు పడ్డదేదో అద్దానికి ఒత్తుకుని ఉంది.

“మెల్వెర్ట్ గారూ... కిటికీల్లో మనుషులున్నారు.”

“అక్కడ పిల్లికూన కూడా పట్టదు. మనుషులెలా ఉంటారు?”

“ముసలివాళ్ళు. చాలామంది.”

“ఉంటే కంప్యూటర్లో చెరిపెయ్. ఈ ఇంట్లో ముసలమ్మల్ని ఖాళీ చేయించడం నాకేం కొత్తా?”

అన్నాడే కానీ, ఫొటో ఎక్కడ చెడుతుందోనని కదిలాడు. సందులోకి తొంగిచూడ్డానికి మూడో అంతస్తు చివర అద్దాల తలుపొకటి పెట్టించాడు. అటే నడిచాడు. బూట్ల టకటక ఆమె చెవిలో వినిపిస్తోంది. తలుపు కిర్రుమంది. తర్వాత ఓ చల్లటి గాలి హోరు.

“కంపు,” అన్నాడు. “క్యాబేజీ ఉడికిన కంపు... బొగ్గు పొగ...” బూటుకి ఏదో తగిలి టింగుమంది. “ఇక్కడేదో గ్లాసుంది.”

“ఏ గ్లాసు?”

“ఆ వడ్రంగిది. పగల్లేదు. నిండా వైన్... వేడిగా ఉంది... ఎవరది? ఏయ్! చెయ్యి వదలండి!”

ఏదో బట్ట చిరిగిన చప్పుడు. ఈడుస్తున్న చప్పుడు. తర్వాత గుసగుస. ఆ గొంతులో అహంకారం లేకుండా వినడం గెజీనెకి అదే మొదటిసారి.

“గెజీనే... లాగుతున్నారు... నేనిందులో పట్టను... చెప్పు వీళ్ళకి... పట్టను...”

“మెల్వెర్ట్ గారూ!”

“పట్టాను...”

సంతలో పిల్లలు పాడుతున్నారు. చెవిలో ఆయన ఎగశ్వాస. దాని వెనక ఎండుటాకుల్లాంటి గొంతులు, గుమ్మడికాయ బేరమాడుతున్నట్టు తాపీగా మాట్లాడుకుంటున్నాయి.

“ముఖం బాగానే ఉందే.”

“అవునే. దాన్ని ఉంచేద్దాం.”

“మరి లోపల?”

“లోపల ఉండేదేముంది, చెత్త. తీసి పారేద్దాం.”

కిసకిసమని నవ్వులు. ఆడవాళ్ళు, చాలామంది.

“తడుముతున్నారు... రా గెజీనే... త్వరగా రా...”

తలుపు దాకా పరిగెత్తితే నిమిషం పని. తను వెళ్తే బతుకుతాడు, వెళ్ళకపోతే లేదు. అది ఆమెకి తెలుసు. రెండడుగులు వేసింది కూడా. ఇన్నేళ్ళూ పేరుకున్న ఏవగింపు కాళ్ళకి అడ్డం పడింది. వాడికలాగే కావాలి అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. అయినా కదల్లేదు.

అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది.

మెల్వెర్ట్ బయటికొచ్చాడు. అదే వెండి జుట్టు. అదే నల్ల స్వెట్టరు. దాని చేతులైనా నలగలేదు. కాళ్ళకి పావడా అడ్డుపడుతున్నట్టు చిన్న చిన్న అడుగులేస్తూ, మంచులో జారకుండా జాగ్రత్తగా నడిచి ఆమె దగ్గరికొచ్చాడు.

“చలిలో నిలబెట్టేశాను గెజీనె గారూ,” అన్నాడు. “ఏమన్నా తిన్నారా తల్లీ?”

చెవిలో గుసగుస.

“బయటికెళ్ళిందెవరు?... గెజీనే... నేనిక్కడే ఉన్నాను... అది నేను కాదు... నీ కాళ్ళు పట్టుకుంటాను...”

పుష్కరకాలంలో ఆ గొంతు ఆమెని బతిమాలడం ఇదే మొదలు. ఎదురుగా నిలబడ్డ ముఖం ఆమె పేరుకి గారు తగిలించి పిలవడం కూడా ఇదే మొదలు. గెజీనె చాలాసేపు ఆ ముఖంలోకి చూసింది. మంచి ముఖమే. కళ్ళలో జాలి ఉంది.

ఇయర్‌ఫోన్ తీసింది. ఫోన్ కట్ చేసింది.

“ఎవరమ్మా?” అన్నాడతను.

“ఎవరూ లేరండీ.”

ఇద్దరూ వైన్ అంగడి దగ్గరికి నడిచారు. కూనెర్ట్ రెండు కప్పులు ముందుకు తోసింది కానీ, తలెత్తి చూడలేదు. గెజీనె జేబులో ఫోన్ గిలగిలా కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ కొట్టుకుంది. గెజీనె రెండు చేతులతో కప్పు పట్టుకుని గుక్క తర్వాత గుక్క తాగింది.

అతను వైన్ ఊదుకుంటూ కెమెరాకేసి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, కిటికీలన్నిటినీ వరసగా, ఒక్కొక్కదాన్నీ పలకరిస్తున్నట్టు చూశాడు. గెజీనె వైపుకి వంగి, సిగ్గుపడుతూ మెల్లగా అడిగాడు.

“ఫొటోలో మేమందరం పడ్డామా?”