బోనం ముట్టని కోడలు

దుర్గాపూర్ బొగ్గు గని క్వార్టర్లలో సాయమ్మ నోరు తెరిస్తే గని సైరన్ కూడా తన వంతు వచ్చేదాకా ఆగుతుందని కొడుకు ఇస్తారి చెబుతుంటాడు. ఆషాఢపు ముసురు పట్టిన ఆ గురువారం పొద్దున ఆ నోరు కోడలి మీద తెరుచుకుంది.

“పొయ్యి అంటుకున్నది. బోనం కుండ గట్లనే ఉన్నది. ఏం చూస్తున్నవే నిర్మలా?”

నిర్మల వంటింటి గడప బయటే నిలబడింది. యాభై రెండేళ్ల మనిషి. రెండేళ్ల కిందట ముట్లు ఆగిపోయినప్పుడు, ఇక ఏ నెలా అడ్డుండదని సాయమ్మ సంబరపడి పోచమ్మ బోనం ఆమెకే అప్పగించింది. ఒంట్లో లేచే ఆవిర్లు, పట్టని నిద్ర, మోకాళ్ల నొప్పి గురించి మాత్రం ఎవరూ అడగలేదు. చెమటలు పోసినప్పుడల్లా ఇస్తారి, “మా ఆమెను పవర్‌హౌస్‌ల కూసోవెడ్తే బొగ్గుతోని పనే లేదు” అని వాడనంతా నవ్వించేవాడు.

“నేను ముట్ట అత్తా. ఈసారి నువ్వే వండు.”

“అమ్మవారికాడ గూడ బద్ధకమేనా?”

ఇస్తారి టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు. “మా దొరసానికి మల్ల పదారేండ్లు వచ్చినయేమో అమ్మా.”

“వచ్చినయి” అంది నిర్మల. “మూడు నెలల సంది మల్ల కనవడుతున్నది. ఎవరికి చెప్పాలె? నీకు చెప్తే చాయ్ హోటల్ల కథ అయితది. అత్తకు చెప్తే ఇల్లంత కడుగుతది. గిట్లనే దేవునికి దీపం గూడ ముట్టిచ్చిన. గా పాపం గూడ నా మీదనే వెయ్యుండ్రి.”

సాయమ్మ అరుస్తుందని ఇద్దరూ అనుకున్నారు. ఆమె పొయ్యి పక్కనే కూలబడింది.

“మా అక్క మల్లవ్వకు గూడ గిట్లనే ఆగినంక వచ్చింది. పోచమ్మ కోపమని యాటపోతును కోసినం. దవఖానకు తీస్కపోలే. ఎవరికి చెప్పద్దని నేనే ఒట్టు వెట్టిచ్చుకున్న. మల్ల బోనాలకు అక్క లేకుండె.”

“గీ ముచ్చట ఎన్నడు చెప్పకపోతివి?” అన్నాడు ఇస్తారి.

“ఏమని చెప్పాలెరా. అమ్మవారే తీస్కపోయిందని నలభై ఏండ్లు నమ్మిన.”

ఆమె లేచి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. “నన్ను ముట్టుకోకు అత్తా, ఇయ్యాల బోనం” అంటూ నిర్మల చెయ్యి లాక్కోబోయింది. సాయమ్మ వదల్లేదు. పొయ్యిలో నీళ్లు చల్లి కొడుకును ఆటో పిలవమంది.

పెద్ద దవఖానలో చీటీ రాసే మనిషి తలెత్తకుండానే ఏం బాధని అడిగాడు. వెనక వరసలో అందరూ మగవాళ్లే. నిర్మల తల దించుకుంది.

“చెప్పు బిడ్డా” అంది సాయమ్మ. “మా అక్కను చెప్పనియ్యలే నేను.”

నిర్మల తలెత్తి, వెనకవాళ్లకు కూడా వినబడేలా చెప్పింది. నలభై ఏళ్ల తరువాత సాయమ్మ అక్క కోసం ఏడ్చింది, కోడలి చెయ్యి పట్టుకునే.