డెబ్బైకి దిగువన

కూతురి పెళ్లి పదింటికి. ఎనిమిదిన్నరకు కరుణమ్మ మణికట్టు మీది నమ్మికపట్టీ పచ్చగా ఎనభైరెండు చూపిస్తోంది. డెబ్బైకి తగ్గితే ఎరుపు. ఎరుపొస్తే గుడి వాకిట్లోని ద్వారపాలి యంత్రం తలుపు తీయదు. ఎవరైనా సరే, ప్రభువు బల్ల దగ్గరి రొట్టె, ద్రాక్షారసం ఉండవు. తల్లయినా సరే, లోపలికొచ్చి బిడ్డను దీవించడం ఉండదు.

నాడిని, చెమటను, ఊపిరిని చదివి ఈ పట్టీ మనిషి విశ్వాసాన్ని కొలుస్తుందని బందరు క్రైస్తవ సంఘాలన్నీ పదేళ్ల కిందట ఒప్పేసుకున్నాయి. నమ్మినవాడికి నెమ్మది ఉంటుంది గనుక నెమ్మదే నమ్మకమన్నారు. జనం తక్కువ తిన్నారా? ఏడుపున్న ఇంటికి వెళ్తే అంకె పడిపోతుందని రోగుల్ని చూడటమే మానేశారు. బైబిల్ స్త్రీగా ముప్పై ఏళ్లు చావుమంచాల పక్కన పాటలు పాడిన కరుణమ్మ కూడా ఈమధ్య రికార్డు చేసిన ప్రార్థన పంపి చేతులు దులుపుకుంటోంది. మొదట్లో సిగ్గేసేది. సిగ్గుకీ అంకె తగ్గుతుంది కాబట్టి అదీ మానుకుంది.

అప్పుడే గోడకున్న మాటలపెట్టెలోంచి ఎదురింట్లో మంచం పట్టిన మార్తమ్మ గొంతు వినిపించింది.

"కరుణా, ఒక్క పాట పాడి పోవే. ఎక్కువసేపు పట్టదులే నాకు."

ఐదు నిమిషాలే అనుకుని కరుణమ్మ వెళ్లింది. మంచం పక్కన కూర్చోగానే మార్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. కొడుకు సముద్రంలో పోయిన నాటినుంచి, మూడేళ్లుగా, మార్తమ్మ పట్టీ ఎరుపే. గుడి గడప తొక్కనే లేదు.

"ఆయన ఉన్నాడంటావా?" అని అడిగింది.

కరుణమ్మకు వందల వచనాలు కంఠతా వచ్చు.

"ఏమో అక్కా. నాకూ భయంగానే ఉంది."

"సిలువకు ముందురాత్రి గెత్సేమనే తోటలో వేదనపడ్డ ప్రభువు చేతికి ఈ పట్టీ కట్టుంటే ఏ రంగొచ్చేదో" అంటూ మార్తమ్మ నీరసంగా నవ్వింది. "సరే, పాడు."

మొదటి చరణం పాడింది. డెబ్బైనాలుగు. ఇప్పుడు లేచి వెళ్తే పచ్చరంగుతోనే పెళ్లికి చేరుకోవచ్చు. లేవబోయింది కూడా. మార్తమ్మ గోళ్లు అరచేతిలో దిగాయి. కరుణమ్మ మళ్లీ కూర్చుని రెండో చరణం ఎత్తుకుంది. అరవైతొమ్మిది. పట్టీ ఎర్రబడింది.

తొమ్మిదిన్నరకు ఆ పట్టు సడలింది. కరుణమ్మ ఆమె కళ్లు మూసి, దుప్పటి సరిచేసి, గుడికి పరుగెత్తింది.

ద్వారపాలి తలుపు తీయలేదు. అద్దం అవతల తెల్లచీరలో కూతురు హెప్సిబా, పక్కన పెళ్లికొడుకు తిమోతి నిలబడి ఉన్నారు. కరుణమ్మ అద్దం తట్టింది. పాస్టరు అయ్యగారు దగ్గరికొచ్చారు. ఆమె ముక్కముక్కలుగా జరిగింది చెప్పింది.

"కంగారుపడకమ్మా. కళ్లు మూసుకో. ఆవిడ సంగతి కాసేపు మర్చిపో, అంకె అదే పెరుగుతుంది" అన్నారాయన. ఆయన చెడ్డవాడేం కాదు.

కరుణమ్మ మర్చిపోవడానికి ప్రయత్నించింది. అరవైఒకటి. అరవైఐదు. అరవైఎనిమిది. నిజంగానే పెరుగుతోంది. ఇంకో రెండంకెలు చాలు. అరచేతిలో గోళ్ల గుర్తులు మండాయి. దీన్ని మర్చిపోయి వెళ్లి ఏ నోటితో బిడ్డను దీవించను అనుకుని కళ్లు తెరిచింది.

"నా వల్ల కాదయ్యగారూ."

హెప్సిబా తలుపు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మార్తమ్మ పెద్దమ్మ దగ్గర ఇప్పుడెవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా."

హెప్సిబా ముసుగు తీసి చేతికి చుట్టుకుని తలుపు నెట్టింది. తెరుచుకుంది. లోపలికి రావడానికే గానీ బయటికి పోవడానికి ఆ తలుపు ఏ రంగూ అడగదు. ఆరాధన మధ్యలో ఎవరూ దాన్ని నెట్టి చూడలేదు.

"పెళ్లి పెట్టుకుని ఎక్కడికే?" అంది కాబోయే అత్తగారు.

"శవం దగ్గర ఒక్కరూ లేరు అత్తయ్యా. పాట పాడి వస్తాను. ఆగుతారో లేదో మీ ఇష్టం."

హెప్సిబా పట్టీ అప్పటికే ఎర్రగా ఉంది. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

తిమోతి తలుపు దాకా వచ్చి, అద్దం మీద చెయ్యి ఆనించి, అక్కడే ఆగిపోయాడు. వాళ్లిద్దరూ వీధి మలుపు తిరిగారు. అతను తన మణికట్టు చూసుకున్నాడు. తొంభైఒకటి. పొద్దుటినుంచి, ఆమె వెళ్లిపోతున్నప్పుడు కూడా, ఒక్క అంకె కదల్లేదు. అది చూసి అతనికి మొదటిసారి భయం వేసింది.