కూర్చోమన్న మాట

మానసిక వైద్యంలో పీజీ చేసే జూనియర్ డాక్టర్లకి మొదటి రోజే నూరిపోసే పాఠం ఒకటుంది. రోగి తనకేదో వినిపిస్తోందంటే లేదని వాదించకు, ఉందని తలూపకు. విను, అంతే. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. పీకల మీదికి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

మన జూనియరమ్మ ఆఖరి పరీక్షలో అప్పటికే రెండుసార్లు తప్పింది. మళ్ళీ తప్పితే కోర్సులోంచి గెంటేస్తారు. "అక్కా, నువ్వే ఆ వార్డులో చేరిపోరాదూ" అని తమ్ముడు ఏడిపిస్తుంటే పైకి నవ్వేసి, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది పాపం.

పరీక్షంటే రాసేది కాదు. కిటికీ లేని చిన్న గది, రెండు కుర్చీలు, ముక్కూమొహం తెలియని రోగి. అతనితో మాట్లాడి జబ్బేమిటో రాబట్టాలి. గోడకి పెద్ద అద్దం. అటువైపు నుంచి చూసేవాళ్ళకి అది అద్దం కాదు, కిటికీ. దాని వెనక చీకట్లో పెద్ద మేడం కూర్చుని అంతా చూస్తుంది, గోడ మీది స్పీకరులోంచి మాట్లాడుతుంది. గొప్ప డాక్టరే, కాదనను. నోరు తెరిస్తే మాత్రం ఎదుటివాళ్ళకి బతకాలనిపించదు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావమ్మా మళ్ళీ?" అంది స్పీకరు. "కానీయ్, చూద్దాం."

మిట్టమధ్యాహ్నం. రోగి ఒక దర్జీ. బక్కపలచని మనిషి, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. అతనితో పాటు ఇస్త్రీ బట్టల వాసన వచ్చింది. దాని అడుగున, తడిగుడ్డ మూలన పడేస్తే వచ్చే ముక్కిపోయిన వాసన.

"కూర్చోండి" అంది జూనియరమ్మ.

"వద్దమ్మా. నేను కూర్చుంటే అదీ కూర్చుంటానంటుంది."

"ఏది?"

దర్జీ వెనక్కి తిరగలేదు. బొటనవేలితో వీపు వెనక్కి చూపించాడు. "ఇది. 'నేనూ కూర్చోనా' అంటుంది. పొద్దస్తమానం అదే గోల. నా పెళ్ళికి ముందు నుంచీ నిలబెట్టే ఉంచాను."

"మరి మిషను ఎలా కుడతారు?"

"చేత్తో తిప్పుతానమ్మా, నిలబడే."

అంతవరకూ చెప్పి నోరు కుట్టేసుకున్నాడు. ఎన్ని విధాల అడిగినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మోకాళ్ళు వణుకుతున్నాయి గానీ కూర్చోడు.

"టైమైపోతోంది" అంది స్పీకరు. "మనిషిని కూర్చోబెట్టడం కూడా చేతకాని దానివి నువ్వేం డాక్టరువి?"

అప్పుడు వంగి గుసగుసలాడాడు దర్జీ. "మీరు చెబితే చాలంటోందమ్మా... నేను చెప్పను. నా వల్ల కాదు. మీరు..."

వద్దు తల్లీ, తలూపకు అని చెప్పేవాళ్ళెవరున్నారక్కడ? గెంటేస్తారన్న భయం తప్ప ఆమె బుర్రలో ఇంకేమీ లేదు.

"సరే, కూర్చోమనండి."

"నాకు కాదమ్మా. దానికి చెప్పండి."

దర్జీ భుజం పక్కన ఖాళీలోకి చూసింది. "కూర్చో" అంది విసుగ్గా.

దర్జీ కుర్చీలో కూలబడ్డాడు. మోకాళ్ళు నిమురుకుంటూ ఏడ్చాడు, నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు. ఇక అడిగిందానికీ అడగనిదానికీ గలగలా సమాధానాలు చెప్పేశాడు. జూనియరమ్మ ప్రాణం లేచొచ్చింది. చివరికి దణ్ణం పెట్టి లేచాడు.

"వస్తానమ్మా. కోటు నలుగుతోంది, చూసుకోండి."

తలుపు మూసుకుంది.

కాళ్ళు తిమ్మిరెక్కాయి అనుకుందామె, చాలాసేపు కూర్చున్నాను కదా అని. ఒళ్ళోకి చూసుకుంది. తొడల మీద గంజి పెట్టిన తెల్లకోటు... ముడతలు పడుతోంది. తనంతట తనే. ఎవరో అటూ ఇటూ సర్దుకుంటున్నట్టు.

గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. ఇందాక రెండింటిలోనూ మనుషులున్నారు.

"మేడం..." అంది. "మేడం, నేను పాసయ్యానా?"

స్పీకరులో ఊపిరి చప్పుడు.

"అయ్యావు." అది పెద్ద మేడం గొంతంటే ఎవరూ నమ్మరు. "పాసయ్యావు తల్లీ."

పుట్టి బుద్ధెరిగాక మేడం ఎవర్నీ తల్లీ అనలేదు. అద్దం వెనక గడియ పడ్డ చప్పుడైంది. లోపలి నుంచి.

లేవబోయింది. లేవలేకపోయింది. అద్దంలోకి చూస్తే తనొక్కతే. వెనక గోడ, ఖాళీ కుర్చీ, తను.

"మేడం, అటునుంచి మీకేం కనిపిస్తోంది? చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటాను..."

"ష్..." స్పీకరు గుసగుసలాడింది. "కదలకు. ఇప్పుడే... నిద్రపోయింది."

"ఏది?"

"లేపకు."

స్పీకరు టక్కున ఆగిపోయింది. ఇంతకాలం ఏడిపించిన పరీక్ష పాసయింది. కుర్చీలోంచి లేచి ఎవరికైనా చెప్పుకునే దారి మాత్రం లేదు. బిక్కచచ్చి, ఊపిరి బిగబట్టి అలాగే కూర్చుంది.

ఎడమ భుజానికి చెమ్మ తగిలింది.

మెడ తిప్పకుండా, కళ్ళు మాత్రమే దించి చూసింది. కోటు మీద చిన్న తడి మచ్చ. నెమ్మదిగా... పెద్దదవుతోంది. వేలితో ముట్టుకుంది.

వెచ్చగా ఉంది.