సహవేదిని

2081 నాటికి విశాఖపట్నం నగరంలో పొగ లేదు, వాహనాల హోరు లేదు. వెళ్లిపోయిన పక్షులు తిరిగొచ్చాయి. ప్రతి ఆకాశహర్మ్యంలోనూ బాల్కనీకో పక్షిగూడు ఉండాలని నగరపాలక సంస్థ నిబంధన కూడా పెట్టింది. తెల్లవారగానే పావురాలు గుంపులు గుంపులుగా సముద్రం మీదికి ఎగురుతుంటే, జనం కాఫీ కప్పులు పట్టుకుని ముచ్చటగా చూసేవారు.

అరవయ్యో అంతస్తులో సువర్చల మాత్రం ఆ వేళకు తలుపులన్నీ బిగించుకుని వంటింట్లో కూర్చునేది. ఆమెకు పావురమంటే భయం. అది ఏమీ చెయ్యదని ఆమెకూ తెలుసు. బడిలో జీవశాస్త్రం చెప్పిన మనిషి. తెలిసి ఏం లాభం? రెక్కల టపటప వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి లోపలికి పరిగెత్తేది. బడికి వెళ్లే వంతెన మీద పావురాలు వాలడం మొదలయ్యాక ఉద్యోగమే మానేసింది.

ఆమె భర్త భార్గవ పేరున్న నాడీశాస్త్రవేత్త. ఇంట్లో మాత్రం, "పిడికెడు పిట్టకి ఇంత మనిషివి జడుస్తావేంటి?" అనేవాడు. కొత్త ఇంట్లో మిత్రులకు విందు ఇచ్చిన రోజున, రెక్కలాడించే బొమ్మ పావురాన్ని వెనకనుంచి తెచ్చి ఆమె ఒళ్లో వేశాడు. పాయసం గిన్నె భళ్లున పగిలింది. అందరూ విరగబడి నవ్వారు. వాళ్లు వెళ్లేదాకా సువర్చల స్నానాలగది తలుపు తియ్యలేదు.

అలాంటి భార్గవే 'సహవేదిని'ని కనిపెట్టాడు. ఫోబియాలతో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే మొర: "మాది నాటకమంటున్నారు మా ఇంట్లోవాళ్లు." దానికి విరుగుడే ఈ యంత్రం. రెండు శిరస్త్రాణాలు. మెదడు లోతుల్లో బాదంగింజంత ఉండే అమిగ్డాలాలో పుట్టే భయతరంగాన్ని ఒకటి పట్టుకుంటుంది. రెండోది దాన్ని ఎదుటివారి మెదడులో యథాతథంగా పలికిస్తుంది.

మొదటి ప్రయోగానికి సువర్చలే ముందుకొచ్చింది. "ఒక్కసారి నీకు తెలిస్తే చాలు" అంది.

సహాయ శాస్త్రవేత్త తబస్సుమ్ అద్దం వెనక పంజరం మీది తెర తీసింది. పావురం రెక్కలు విదిలించింది.

భార్గవకు ఊపిరి ఆగిపోయింది. అది పిట్ట కాదు. గది మొత్తం అదే. తను చచ్చిపోతున్నాడన్న నమ్మకం ఒళ్లంతా పాకింది. "తీసెయ్యండి! తీసెయ్యండి!" అని అరుస్తూ శిరస్త్రాణం విసిరికొట్టి, కుర్చీ వెనక నక్కాడు. తేరుకున్నాక భార్య చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"నాకు తెలియలేదు సువర్చలా. ఇంతుంటుందని నిజంగా తెలియలేదు."

ఆమె అతని తల నిమిరింది. "ఇప్పుడు తెలిసిందిగా."

ఆ తర్వాత భార్గవ మారాడు. అనుమతి తెచ్చి బాల్కనీ గూటిని తీయించాడు. వంతెన మీద ఆమెకు ముందు నడిచాడు. సభల్లో, "క్రూరత్వానికి మూలం తెలియకపోవడమే" అని చెప్పేవాడు. సువర్చల మళ్లీ బడికి వెళ్లసాగింది.

ఒకరోజు ఆమె ప్రయోగశాలకు వచ్చి, "తరంగం ఇటునుంచి అటే వెళ్తుందా? అటునుంచి ఇటు రాదా?" అని అడిగింది.

"వస్తుంది మేడమ్, ఏ భావమైనా" అంది తబస్సుమ్. "మేమే ఆ దారి మూసి ఉంచాం."

"నేను భయపడుతుంటే ఆయన పడే బాధ ఒక్కసారి తెలుసుకోవాలనుంది."

భార్గవ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఈసారి తరంగాన్ని అటునుంచి ఇటు వచ్చేలా తిప్పి మళ్లీ తెర తీశారు. పావురం ఎగిరి అద్దానికి తగిలింది. సువర్చల కెవ్వున అరిచింది. ఆ భయం మధ్యలోకి భర్త జాలి వచ్చింది. పశ్చాత్తాపం వచ్చింది. వాటి అడుగున మరొకటి కూడా తగిలింది. సన్నగా, వెచ్చగా, గిలిగింత లాంటిది. ఆమె అరిచినప్పుడల్లా అది కాస్త పెరిగింది.

ఆమె మెల్లగా శిరస్త్రాణం తీసింది. "నీకు సరదాగా ఉంది" అంది.

"లేదు! నాకు జాలేసింది. ఒట్టు."

"జాలి కూడా వచ్చింది. అబద్ధమనడం లేదు. ఇదీ వచ్చింది."

ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

భార్గవ ఆమె వదిలేసిన శిరస్త్రాణాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆ భయమేమిటో మొదటిసారే తన ఒంటితో అనుభవించాడు. అయినా ఆ గిలిగింత చావలేదు. విందు రోజున తనను నవ్వించింది తెలియకపోవడం కాదన్నమాట.

"ఆసుపత్రులకు పంపే యంత్రాల్లో రెండో దారి ఉంచుదామా సార్?" తబస్సుమ్ నెమ్మదిగా అడిగింది.

"నువ్వేమంటావు?"

"మా అత్తయ్యకి బల్లి అంటే భయం. మొన్న పిల్లలు ఆవిణ్ణి ఏడిపిస్తుంటే వద్దన్నాను. అంటూనే నవ్వాను." ఆమె చూపు దించుకుంది. "తీసేద్దాం సార్."

తీసేశారు. సహవేదిని దేశమంతటా వెళ్లింది. భర్తలు, తల్లులు, అన్నదమ్ములు శిరస్త్రాణం పెట్టుకుని వణికిపోయారు. కన్నీళ్లతో, "మాకు తెలియలేదమ్మా" అన్నారు. ఆ మాట చెవిన పడ్డ ప్రతిసారీ భార్గవ తల వంచుకునేవాడు. జనం అది వినయమనుకున్నారు.

సువర్చల అతణ్ణి ఒక్క మాటా అనలేదు. ఇద్దరూ ఎప్పటిలాగే కలిసి వంతెన దాటుతారు. ఎక్కడో రెక్కలు టపటపలాడతాయి. ఆమె వణుకుతూనే పావురం వంక కాదు, అతని ముఖంలోకి చూస్తుంది.