అడగక తప్పని అంకె

సాయంత్రంలోగా అసలు దోషి దొరక్కపోతే ఉద్యోగం ఊడుతుంది, పైగా పోలీసు కేసు. ఈ ఒక్క ముక్క డిటెక్టివ్‌తో చెప్పడానికి ఆ అమ్మాయి మూడు గ్లాసుల నీళ్లు తాగింది.

సైన్యానికిచ్చే ఉక్కు పలకలను కంప్యూటర్లో పరీక్షించడం ఆమె పని. గుండు తగిలి పలక ఎర్రగా కాలినప్పుడు నిలుస్తుందో, పగులుతుందో ముందే లెక్క కట్టాలి. అసలు పలక పాత తుపాకీ పరీక్షల్లో నిలిచింది. కంప్యూటర్లో మాత్రం మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ ఎవరో ఒకే రకం అంకె మార్చారు: అంత వేడిలో ఉక్కు బలమెంతో చెప్పే అంకె. మార్చినట్టు నమోదైంది ఆమె పేరు మీదే.

"భోజనానికి వెళ్తూ కంప్యూటర్ లాక్ చేస్తావా?" అడిగింది డిటెక్టివ్. వెంట తిరిగే మరిది వల్ల ఆవిడ ఊరందరికీ వదినగారే.

"లేదండీ. అక్కడుండేది పక్క సీటాయన, ఎదురు హాల్లో పెద్దాయన, అంతే."

"పలక పగిలినప్పుడల్లా ఏం చేశావు?"

"పెద్దాయన్ని అడిగేదాన్ని. ఆ అంకెలన్నీ ఆయన కొలిచినవే, ఆయన నోటుబుక్కులోనే ఉంటాయి. పాపం, నేను వెళ్లేసరికే రెండు కప్పుల్లో టీ పోసి ఉంచేవారు."

పక్క సీటాయన ప్రమోషన్‌కు పోటీ అని తెలియగానే మరిది ఎగిరి గంతేశాడు.

"వాడే వదినా! కళ్లు మూసుకుని చెప్తా."

"కళ్లు మూసుకుంటే అలాగే కనిపిస్తుంది మరిదిగారూ."

ఇద్దరూ పెద్దాయన దగ్గరికి వెళ్లారు. ఒకప్పుడు ముప్ఫైమంది పనిచేసిన హాలు అది. లెక్కలన్నీ కంప్యూటర్‌కు మారాక పరీక్షల తుపాకీకి గుడ్డ కప్పేశారు. మిగిలింది ఆయనొక్కడే.

నాలుగింటికి అందరూ డైరెక్టర్ గదిలో చేరారు.

"పాడుచెయ్యాలనుకున్నవాడు దొరక్కుండా మారుస్తాడు," అంది వదినగారు. "ఇక్కడ మారింది, ఈ అమ్మాయి వెళ్లి అడగక తప్పని అంకె. అడగాల్సింది ఒక్కరినే. ఆమె వస్తుందని ముందే తెలిసి, రెండో కప్పు పోసిందీ ఆయనే."

పెద్దాయన తల దించుకున్నాడు. "కేసు దాకా పోతుందనుకోలేదండీ. పొద్దుణ్ణుంచీ చెబుదామనే అనుకుంటున్నా, ధైర్యం చాల్లేదు."

"ఆ అమ్మాయి ఉద్యోగానికి ఢోకా లేదు," అన్నాడు డైరెక్టర్. "మీరు మాత్రం రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "ఊరికే టీకి పిలిస్తే రాకపోయేదాన్నా సార్?"

"పిలిచానమ్మా. చాలాసార్లు. పనుందన్నావు."

"ఎప్పుడు సార్?" అందామె. నిజంగానే ఆమెకు గుర్తులేదు.