మొదట నా తప్పు

పొద్దున్న ఏడు కాలేదు, అమ్మ కుట్టుమిషన్ అప్పుడే పరుగందుకుంది. వంటింటి పక్క కుర్చీలో కూతురు కళ్ళు మూసుకుని కూర్చుంది. కుడిచేతిలో గరిటె. "లాగు... తిరుగు... వదులు..." అని గొణుగుతూ దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ వంచుతోంది. ఆమె వాయుసేన విన్యాసాల బృందంలో పైలట్. ఆకాశంలో వేసే ప్రతి మలుపునీ వాళ్ళు ముందుగా ఇలా కుర్చీలో కూర్చునే సాధన చేస్తారు!

"నిద్రలో నడిచేవాళ్ళని విన్నాను గానీ, నిద్రలో విమానం నడిపేదాన్ని మా ఇంట్లోనే చూస్తున్నా," అన్నాడు నాన్న. ముప్పై ఏళ్ళు సిటీబస్సు తోలి రిటైరైన మనిషి.

"ష్, నాన్నా! తలకిందులుగా ఉన్నా."

"నిటారుగా అయ్యాక ఆ గరిటె ఇటివ్వు తల్లీ, కూర మాడుతోంది."

ఆరోజు ఆమెకు పెద్ద పరీక్ష. రెండు విమానాలు ఎదురెదురుగా దూసుకొచ్చి, రెప్పపాటులో పక్కపక్కనుంచి దాటిపోతాయే, ఆ జంటలో ఒక చోటు ఖాళీ అయింది. ఆ బృందంలో ఏ ఆడపిల్లకీ దక్కని చోటు. దానికోసం నాలుగేళ్ళుగా కాచుకుని ఉంది.

ఫోన్ మోగింది. బృందం లీడర్. రెండు మాటలు వినేసరికి ఆమె మొహం మారిపోయింది.

"లేదు సార్. నాకు ఇష్టమే. వస్తున్నాను."

ఫోన్ పెట్టేసి మిషన్ దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, నిన్న మా సార్‌కి ఫోన్ చేశావా?"

మిషన్ ఆగింది. "చేశా."

"నాకు ఇష్టం లేదని చెప్పావా?"

"చెప్పా! ఏం చేస్తావే? పక్కపక్కన ఎగిరినన్నాళ్ళూ నోరు మూసుకున్నా. ఇప్పుడు ఎదురెదురుగానా? మీ నాన్న ఇన్నేళ్ళు బస్సు తోలారు, ఒక్కసారైనా ఎదుటి బస్సు మీదకి పోయారా?"

"నన్నెందుకు లాగుతావే మధ్యలోకి," అన్నాడు నాన్న.

"ఆరు ప్రదర్శనలకి వచ్చావు. ఒక్కటైనా చూశావా అమ్మా? అన్నిసార్లూ నేల చూపులే!" అంది కూతురు. "ఇవాళ ఇంట్లోవాళ్ళని రానిస్తారు. రా. చూసి తిట్టు. చూడకుండా తిట్టకు."

అమ్మ వెళ్ళింది. కానీ రెండు విమానాలు రెండు దిక్కులనుంచి రయ్యిమని వచ్చేసరికి చెంగు మొహం మీదకి లాక్కుంది. చెవులు గింగురుమన్నాయి. చెంగు తీసి చూస్తే రెండు పొగచారలు మిగిలాయంతే.

విమానాలు దిగాక పైలట్లందరూ చిన్న గదిలో కూర్చున్నారు. ఇంట్లోవాళ్ళకి వెనక కుర్చీలు. లీడర్ బోర్డు దగ్గర నిలబడి ముందుగా తన మాటే చెప్పాడు. "మూడో మలుపుకి రేడియోలో తొందరగా పిలుపిచ్చాను. తప్పు నాది." తర్వాతివాడు లేచి తన తప్పు చెప్పాడు. అదే వాళ్ళ పద్ధతి. ఎవరూ వేరొకరిని వేలెత్తి చూపరు. ఎవరి తప్పు వాళ్ళే ముందు చెప్పాలి!

కూతురి వంతు వచ్చింది. "దాటేటప్పుడు అర సెకను ఆలస్యమయ్యాను."

"ముప్పావు," అన్నాడు అందరికంటే చిన్నవాడు. ఎవరూ నవ్వలేదు.

"ముప్పావు. కారణం, పొద్దున్న ఇంట్లో గొడవ పడ్డాను. ఎగిరేముందు ఆ సంగతి మీకు చెప్పాలి, దాచాను. అది ఇంకా పెద్ద తప్పు. మళ్ళీ మనసు బాగోకపోతే ముందే చెప్తాను, ఆరోజు ఎగరను."

ఆమె అమ్మ పేరెత్తలేదు. మాట వరసకైనా ఎత్తలేదు.

అమ్మకి తన మిషన్ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ కుట్టుపనిలో కత్తిరింపు తేడా వస్తే ఎన్నిసార్లు బట్టని తిట్టిందో! దీని ప్రాణం కాపాడాలని ఫోన్ చేసింది. ఆ ఫోనే ముప్పావు సెకనై గాల్లోకి పోయింది. ఈ పిల్లేమో మొత్తం తన నెత్తినే వేసుకుంటోంది.

కుర్చీ కిర్రుమంది. అమ్మ లేచి నిలబడింది.

"సార్... ఇంకో తప్పుంది. నాది."

అందరూ వెనక్కి తిరిగారు.

"దానికి ఇష్టం లేదని మీకు అబద్ధం చెప్పాను. ఇష్టం లేనిది దానికి కాదు. భయం నాది."

లీడర్ బోర్డు మీద ఇంకో గీత గీసి, 'అమ్మ' అని రాశాడు. "మళ్ళీ జరక్కుండా ఏం చేస్తారమ్మా?" అందరినీ అడిగిన ప్రశ్నే, అదే గొంతుతో.

అమ్మ ముక్కు ఎగబీల్చింది. "కళ్ళు తెరుచుకుని చూస్తాను."

బెత్తెడు దూరంలో మరో విమానం ఉన్నా చెదరని కూతురి చూపు అప్పుడు చెదిరింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది.

మరుసటి వారం రెండో పరీక్ష. అమ్మ మెడ నొప్పి పుట్టేలా తలెత్తి నిలబడింది. రెండు చుక్కలు విమానాలయ్యాయి, దగ్గరయ్యాయి, దగ్గరయ్యాయి... రెప్ప వెయ్యలేదు. దాటాయి!

"చూశారా? చూశారా అండీ? సూదిలో దారం ఎక్కించినట్టు దాటింది నా కూతురు!"

తిరిగి చూస్తే నాన్న రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, లేని బ్రేకుని కుడికాలితో తొక్కిపట్టి నిలబడి ఉన్నాడు.

"అయిందా?" అన్నాడు మెల్లిగా.

అమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అయింది గానీ, పదండి ఆ గదిలోకి. ఇవాళ తప్పు మీది."