కొంచెం అంటే ఎంత?

స్కూలు నుంచి రాగానే మేఘ బ్యాగును గుమ్మం దగ్గరే పడేసి, తిన్నగా రొయ్యల తొట్టి దగ్గరికి వెళ్లింది. ముందు కాళ్లు కడుక్కోమని లోపలి నుంచి ముత్తక్క అవ్వ అంటూనే ఉంది. ఆ మాట వినేంత తీరిక మేఘకు ఎక్కడిది?

అద్దానికి ముక్కు ఆనించి చూసింది. ఒళ్లు జలదరించింది. తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు అద్దం నిండా మెలికలు తిరుగుతున్నాయి. నిన్న అక్కడొకటి, ఇక్కడొకటి ఉండేవి. ఇవాళ ఎటు చూసినా అవే.

ఆ అద్దాల తొట్టి ఓబులేష్ మామ ఇచ్చింది. ఆయన పావగడ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఇంట్లో రొయ్యల్ని పెంచుతాడు. కిందటి నెల వీళ్ల ఊరు క్యాతగానచెర్లుకు వచ్చినప్పుడు గోరంత ఎర్ర రొయ్యల్ని, ఒక నత్తను తెచ్చి పిల్లలకు ఇచ్చాడు. రొయ్యలు మేఘవి. నత్త తమ్ముడు శశిది. దానికి వాడు బోండా అని పేరు పెట్టాడు. పొద్దున లేస్తూనే ముఖమైనా కడుక్కోకుండా బోండా ఎక్కడుందో వెతకడమే వాడి మొదటి పని.

"రోజు విడిచి రోజు ఒక్క గుళిక మేత వేస్తే చాలు" అని మామ మరీ మరీ చెప్పాడు.

ఒక్క గుళికా? అంతమందికా? మేఘకు మనసొప్పలేదు. స్కూలుకు వెళ్లేముందు కాసిన్ని వేసేది. వచ్చాక కాసిన్ని. పడుకోబోయే ముందు, పాపం ఆకలేస్తుందేమోనని ఇంకాసిన్ని. పెట్టే విషయంలో ఆమెది అచ్చం అవ్వ పోలికే. అవ్వ కూడా "కొంచెమే" అంటూ కంచంలో ఇంకో రాగిముద్ద పడేస్తుంది.

నిన్న పురుగులు కనబడ్డాక మేఘ బాగా ఆలోచించింది. 'ఇవే రొయ్యల తిండంతా లాగేసుకుంటున్నాయి. మరి రొయ్యలకు మిగలాలంటే ఎలా?' అనుకుని మేత ఇంకా పెంచింది. పురుగులకు పండగే పండగ.

సాయంత్రం అమ్మ రత్న సోలార్ పలకలు కడిగే పని నుంచి వచ్చింది. ఆమె ఫోనులో మేఘ మామకు వీడియో కాల్ చేసి పురుగుల్ని చూపించింది.

"సరిగ్గా కనబడ్డం లేదు పాపా. గీతల మాదిరి ఉండాయి" అన్నాడు ఓబులేష్. "మేత ఎంత వేస్తాండావు?"

"కొంచెమే మామా."

"నేను చెప్పినంతేనా?"

"ఊ" అంది మేఘ.

"అట్లయితే ఇవి మేత వల్ల వచ్చినవి కావేమో. ఒక రకం పురుగు రొయ్య పిల్లల్ని తినేస్తాది. ఆదివారం మందు తెస్తా. మందు రొయ్యల్ని ఏమీ చేయదు. కానీ నత్తకు పడదు, చచ్చిపోతాది."

శశి ఫోను దగ్గరికి జరిగాడు. "మందు పోసేటప్పుడు బోండాను గ్లాసులో పెట్టుకుంటా మామా."

"ఆ మందు తొట్టిలో నెలల కొద్దీ నిలిచిపోతాదప్పా. నత్తను మా ఇంటికి తీసుకుపోతాలే. ఆడ బాగుంటాది."

శశి తొట్టిలో బోండా వైపు చూశాడు. కానీ మారాం చేయలేదు. "సరే మామా. రొయ్యలు బతకాల కదా" అన్నాడు.

మేఘ అప్పుడే నిజం చెప్పేసి ఉండాల్సింది. కానీ రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రానే లేదు.

శనివారం శశి ఊరగాయ సీసా తీసుకుని, ఉప్పు వాసన పోయేదాకా కడిగాడు. మూతకు మేకుతో చిల్లులు పెట్టమని అవ్వ వెంటపడ్డాడు. "మామ ఇంట్లో బోండాకు కొత్త కదక్కా. నాచు ఎక్కువుండే చోట వదలమని చెప్తా" అన్నాడు. మేఘ తల ఊపింది. ఆ పూట అవ్వ పెట్టబోయిన రెండో ముద్ద వద్దని లేచిపోయింది.

ఆదివారం మామ వచ్చాడు. జేబులోంచి మందు పొట్లం తీసి, గ్లాసు నీళ్లు అడిగాడు. శశి బోండాను సీసాలోకి దించుకుని, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మామ పొట్లం విప్పబోయాడు.

"మామా, మందు వద్దు" అంది మేఘ.

"ఏమి?"

"నేను కొంచెం వేయలేదు. రోజూ మూడు పూటలా వేసినా. పురుగులు వచ్చినాక ఇంకా ఎక్కువేసినా." చెబుతుండగానే ఏడుపు వచ్చేసింది.

మామ ఫోన్ల లోపలి భాగాలు చూసే భూతద్దం సంచిలోంచి తీసి, అద్దం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"చెడ్డ పురుగుకు తల బాణం మొన మాదిరి ఉంటాది. వీటికి తల యాడో తోక యాడో తెలీదు. మిగిలిపోయిన మేత తిని బతికేటివి ఇవి. ఎవరినీ ఏమీ చేయవు. కానీ మేత కుళ్లితే నీళ్లు చెడతాయి, అప్పుడు రొయ్యలకే కష్టం."

నాచు పక్కకు జరిపి అడుగు చూపించాడు. నానిన గుళికలు తెల్లగా బూజుపట్టి ఉన్నాయి. సన్నటి గొట్టంతో ఆ చెత్తంతా బకెట్లోకి లాగాడు. నీళ్లు కంపు కొట్టాయి. తర్వాత బోండాను మెల్లగా తొట్టిలోకి వదిలాడు.

"వారం దాకా ఏమీ వేయొద్దు. నాచు తింటాయి, ఏమీ కాదు" అని చెప్పి పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

మామ వెళ్లాక శశి తొట్టి ముందు చతికిలబడ్డాడు. మేఘ పక్కన కూర్చోబోతే వాడు జరగలేదు.

"ముందే చెప్పుంటే నేను రాత్రి ఏడ్చేవాణ్ణి కాదు కదా" అన్నాడు.

ఆ వారం గడవడం చాలా కష్టమైంది. మేఘ కనబడితే రొయ్యలు అద్దం దగ్గరికి వచ్చేవి. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని చూసేది. అవి బుజ్జి చేతులతో నాచును గిల్లుకుని తినడం అప్పుడే కనబడింది. అవ్వ అన్నం మెతుకులు తెస్తే, "వద్దవ్వా" అని ఆపింది. పురుగులు తగ్గుతూ వచ్చాయి. శశి మాత్రం తొట్టి ముందు చోటంతా తనే ఆక్రమించుకుని కూర్చునేవాడు.

వారం తర్వాత మేఘ మేత డబ్బా మూత తీసింది. ఒక గుళిక వేయబోతే రెండు జారిపడ్డాయి. రెండోది నాచు వెనక్కి పోయింది. తీద్దామంటే అందలేదు. ఎవరూ చూడలేదు.

సాయంత్రం మామ ఫోను చేశాడు. శశి తొట్టి ముందే ఉన్నాడు.

"ఈ రోజు వేసినావా పాపా? ఎంత వేసినావు?"

కొంచెమే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేఘ దాన్ని మింగేసింది.

"రెండు మామా. ఒకటే వేయాలనుకున్నా, రెండు పడినాయి."

"అట్లనా. అయితే ఎల్లుండి వేయొద్దు, ఇంకో రెండు రోజులు పోయినాక వేయి."

"సరే మామా" అని మేఘ ఫోను పెట్టేసింది.

శశి అక్క వైపు ఒకసారి చూశాడు. కాస్త పక్కకు జరిగి, తొట్టి ముందు ఆమెకు చోటిచ్చాడు.